జపాన్ కాపీరైట్ చట్టంలో మనిషి వాటా

టోక్యోలో నిషికసాయ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అద్దె ఇళ్ళు, వీసా రెన్యూవల్, కరివేపాకు ఎవరి దగ్గర దొరుకుతుంది – మామూలుగా అందులో నడిచేవి ఇవే. ఈమధ్య ఒక కుర్రాడు ఓ వీడియో పడేశాడు. "అన్నా, ఏఐ ట్రైనింగ్‌కి జపాన్ స్వర్గమంట. కాపీరైట్ అడ్డే రాదంట." కింద వరసగా చప్పట్లు. మాలో చాలామందికి బతుకుతెరువు అదే కాబట్టి ఆ సంబరం అర్థం చేసుకోదగ్గదే.

నాకు మాత్రం అంతకు ముందు మా ఆఫీసులో జరిగింది గుర్తొచ్చింది. మా రంగానికి పనికొచ్చే వార్త ఒకటి పేపర్లో వచ్చిందని, కొత్తగా చేరిన అమ్మాయి దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి టీం చాట్‌లో పెడదామనుకుంది. పక్క సీటులో ఉండే పెద్దాయన మెల్లిగా లేచొచ్చి, "అది పెట్టకండి. ఆ పత్రిక క్లిప్పింగులకి మనకి లైసెన్సు లేదు. కావాలంటే ఏం రాశారో మీ మాటల్లో రాసి పెట్టండి" అన్నాడు. ఆ అమ్మాయి బిత్తరపోయింది.

ఆయనది చాదస్తం కాదు. కాపీరైట్ చట్టంలో సొంతానికి కాపీ చేసుకోవచ్చని చెప్పే 30వ అధికరణం మనిషికీ, ఇంటికీ, అంతే దగ్గరి కొద్దిమందికీ వర్తిస్తుంది. ఆఫీసు పని దాని కిందికి రాదు. సుకుబా ఎక్స్‌ప్రెస్ నడిపే రైల్వే సంస్థ పేపర్ కత్తిరింపుల్ని స్కాన్ చేసి ఉద్యోగుల కోసం ఇంట్రానెట్లో పెట్టినందుకు, పత్రికకి పరిహారం కట్టమని 2022లో టోక్యో జిల్లా కోర్టు చెప్పింది. ఇక మా ఆఫీసులోనే, అదే అంతస్తులో, అవతలి టీం లక్షల పేజీల టెక్స్ట్‌ని మోడల్‌కి తినిపిస్తూ ఉంటుంది. దానికి చట్టం ప్రత్యేకంగా ఒక అధికరణం రాసి మరీ దారి వదిలింది.

మనిషి పదిమందికి ఒక వార్త చూపిస్తే తప్పు, యంత్రం వార్తలన్నీ మింగితే ఒప్పు. దీన్ని చూసి చాలామంది యంత్రం మీద విరుచుకుపడతారు. నా గొడవ అది కాదు. యంత్రానికి దారి వదిలిన సూత్రంలో తర్కం ఉంది. ఆ సూత్రాన్ని మనుషుల చిన్నాచితకా వాడకాల దగ్గరికి రానివ్వకుండా ఆపేశారు, అదీ నా ఫిర్యాదు.

అన్నీ లిస్టులోనే

1970లో వచ్చిన ఇప్పటి చట్టంలో మినహాయింపులు 30వ అధికరణం నుంచి 50 దాకా ఒక్కొక్కటిగా రాసి ఉంటాయి. లైబ్రరీకి ఒకటి, ఉల్లేఖనకి ఒకటి, బడికి ఒకటి, పరీక్ష పేపర్లకి ఒకటి. వాడకం న్యాయంగా ఉంటే చాలనే అమెరికా వాళ్ళ ఫెయిర్ యూజ్ లాంటి గంపగుత్త నిబంధన ఏదీ లేదు. లిస్టులో ఉంటే సరే. లేకపోతే ఎంత చిన్నదైనా, ఎవరికీ నష్టం లేకపోయినా, కాగితం మీద ఉల్లంఘనే.

ఈ పద్ధతి ఎక్కడికి తీసుకెళ్తుందో మా వార్డు లైబ్రరీలో చూశాను. ఎదొగావా వార్డు ఒకప్పుడు గోల్డ్‌ఫిష్ పెంపకానికి పేరున్న చోటు. మావాడికి బడిలో దాని మీద ప్రాజెక్ట్ ఇచ్చారు. లైబ్రరీలో ఒక పల్చటి చిన్న పుస్తకం దొరికింది, బయటికి ఇవ్వనిది. కాపీ కావాలంటే ఫారం నింపాలి. పుస్తకం పేరు, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా, అన్నీ రాయాలి. కౌంటర్లో ఆవిడ ఫారం చూసి, పుస్తకం తిరగేసి, పేజీలు లెక్కపెట్టి, ఎంతో మర్యాదగా "సగం దాటుతోందండీ" అంది. 31వ అధికరణం 'కొంత భాగం' అంటుంది. దాన్ని లైబ్రరీలు 'సగం దాకా' అని పాటిస్తాయి. "ఏ సగం నాన్నా?" అని మావాడు అడిగాడు. చేపల్ని పెంచేది మొదటి సగంలో ఉంది, అమ్మేది రెండో సగంలో ఉంది.

అదే పుస్తకం బయటికి ఇచ్చేదైతే, వీధి చివర కన్వీనియెన్స్ స్టోర్లో పేజీకి పది యెన్‌లు పడేసి మొత్తం తీసుకోవచ్చు. అది సొంత వాడకం. అసలు చట్టం ప్రకారం జనం కోసం పెట్టిన కాపీ మెషీన్లు సొంత వాడకం కిందికి రావు. కానీ కాగితం కాపీలు తీసే మెషీన్లకి 'ప్రస్తుతానికి' ఆ నియమం వర్తించదని 1984లో చట్టం చివర ఒక అనుబంధం తగిలించారు. ఆ ప్రస్తుతం నలభై ఏళ్ళు దాటినా ఇంకా నడుస్తోంది. రోజూ ఈ దేశంలో జరిగే లెక్కలేనన్ని కాపీలు ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉన్నాయి.

సగం నియమాన్ని హైకూకి పెడితే ఇంకా తమాషాగా ఉండేది. సంకలనంలో ఒక్కో హైకూ ఒక్కో రచన. అంటే లైబ్రరీలో పదిహేడు అక్షరాల కవిత కాపీ కావాలంటే ఎనిమిదిన్నర అక్షరాల దగ్గర ఆగాల్సి వచ్చేది. పేజీలో మిగతాది మూసిపెట్టి కాపీ తీయాలా అన్న ప్రశ్న లైబ్రేరియన్లని నిజంగానే సతాయించింది. ఒకే పేజీలో పడితే మొత్తం వచ్చినా ఫరవాలేదని 2006లో లైబ్రరీ సంఘాలు మార్గదర్శకం రాసుకున్నాయి. చట్టం వాళ్ళని అందుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఫొటోల కథా అంతే. పిల్లవాడి ఫొటో తీస్తే చొక్కా మీద కార్టూన్ బొమ్మ పడుతుంది. దాన్ని బ్లాగులో పెడితే? 2012 సవరణ వచ్చేదాకా దానికి లిస్టులో చోటు లేదు. అప్పుడు రాసిన 30-2 అధికరణం కూడా ఫొటోలూ రికార్డింగులకే పరిమితం. స్క్రీన్‌షాట్‌లో పక్కన పడ్డ బొమ్మ మాటేమిటని జనం అడిగితే 2020లో దాన్నీ, లైవ్ స్ట్రీమింగ్‌నీ చేర్చారు. నేరుగా తీసిన ఫొటో నుంచి స్క్రీన్‌షాట్ దాకా రావడానికి చట్టానికి ఎనిమిదేళ్ళు కావలసి వచ్చింది.

2011 నివేదికలో మూడు ముక్కలు

జపాన్‌కీ ఒక ఫెయిర్ యూజ్ కావాలన్న చర్చ 2008 ప్రాంతంలో వేడెక్కింది. సెర్చ్ ఇంజన్ సర్వర్లు దేశంలో పెట్టుకోవడానికి కంపెనీలు భయపడుతున్నాయన్న మాట అప్పట్లో బాగా నలిగింది. సెర్చ్ ఇంజన్లకి మినహాయింపు 2009 సవరణలో గానీ రాలేదు, అమల్లోకి వచ్చింది 2010లో. అప్పటికే ప్రపంచమంతా ఏదో ఒక అమెరికన్ సెర్చ్ బాక్సులో వెతుక్కుంటోంది.

కాపీరైట్ మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే సాంస్కృతిక మండలి ఉపసంఘం 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. పూర్తి ఫెయిర్ యూజ్ వద్దు గానీ, మూడు రకాల వాడకాలకి సాధారణ నిబంధన పెడదామంది. ఏ రకం: వేరే పని చేస్తుంటే వెంట పడి వచ్చే కొద్దిపాటి వాడకం, ఫొటో వెనక బొమ్మలాంటిది. బీ రకం: అనుమతితో చేసే పనికి ముందు దశల్లో తప్పని వాడకం, బొమ్మ వాడుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి మీటింగులో చూపించడం లాంటిది. సీ రకం: రచనలో భావాన్నీ ఆనందాన్నీ ఎవరూ అనుభవించని వాడకం, టెస్టింగూ డేటా విశ్లేషణా లాంటివి.

2012లో చట్టమయ్యేసరికి మూడూ చిక్కిపోయి, మళ్ళీ ఫలానా ఫలానా అన్న లిస్టు ఐటెములుగానే మిగిలాయి. ఆ తర్వాత 2018 మే నెలలో పెద్ద సవరణ వచ్చింది. అందులో సీ రకం పూర్తిగా రెక్కలు విప్పుకుంది. 30-4 అధికరణం లిస్టులా ఉండదు, సూత్రంలా ఉంటుంది. రచనని మనిషి ఆస్వాదించే ఉద్దేశం లేని చోట, అవసరమైనంత మేర, ఏ పద్ధతిలోనైనా వాడుకోవచ్చు. హక్కుదారుడికి అన్యాయంగా నష్టం కలిగించకపోతే చాలు. ఏఐ పేరే అందులో లేదు. అందుకే 2018లో రాసిన వాక్యం ఆ తర్వాత వచ్చిన చాట్‌బాట్లకి కూడా సరిపోయింది.

ఏ రకం, బీ రకం మాత్రం 2012లో ఎక్కడ ఉన్నాయో దాదాపు అక్కడే ఉన్నాయి. ఏ రకానికి 2020లో ఆ స్క్రీన్‌షాట్ అతుకు పడింది, అంతే. ఒకే నివేదికలో పక్కపక్కనే పుట్టిన మూడింట్లో యంత్రానికి పనికొచ్చేది సూత్రమైంది, మనుషులకి పనికొచ్చేవి ఐటెములుగా మిగిలాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. సీ రకం కోసం పరిశ్రమ గట్టిగా అడిగింది. పిల్లవాడి చొక్కా కోసం కమిటీ ముందు కూర్చుని అడిగేదెవరు?

ఇంకో సంగతి. పసిఫిక్ చుట్టూ ఉన్న దేశాల వాణిజ్య ఒప్పందం టీపీపీ పుణ్యమా అని రచయిత చనిపోయాక యాభై ఏళ్ళున్న కాపీరైట్ గడువు డెబ్బై ఏళ్ళయింది. అది అమల్లోకి వచ్చిన రోజు 2018 డిసెంబర్ 30. 30-4 అమల్లోకి వచ్చింది 2019 జనవరి 1న. 1970లో పోయిన రచయిత మిషిమా యుకియో రచనలు 2021లో అందరివీ కావలసింది, ఇప్పుడు 2041 దాకా ఆగాలి. రెండు రోజుల తేడాలో హక్కుదారులకి ఇరవై ఏళ్ళు, యంత్రాలకి రాచబాట. చదివేవాళ్ళకి ఏమీ దొరకలేదంటే అబద్ధమే. అదే జనవరిలో, చేతులు సహకరించక పుస్తకం పట్టుకోలేనివాళ్ళ కోసం కూడా ఆడియో ప్రతులు తయారుచేసి పంచే వీలు వచ్చింది. అది మంచి పని. కానీ అదీ లిస్టుకి చేర్చిన మరో ఐటెమే.

బడికి ఒకటి, బడి గేటు బయట ఇంకొకటి

ఐటెముల పద్ధతి ఎక్కడ తెగిపోతుందో కోవిడ్ బాగా చూపించింది. 2018 సవరణలో 35వ అధికరణాన్ని మార్చి, టీచర్లు పాఠం కోసం ఆన్‌లైన్లో రచనలు పంపవచ్చనీ, బదులుగా బడులు ఒకే సంస్థకి ఏడాదికింత పరిహారం కట్టాలనీ పెట్టారు. అమలుకి 2021 దాకా గడువున్నా, బడులు మూతపడటంతో 2020 ఏప్రిల్ 28నే తెచ్చేశారు. మొదటి ఏడు ఉచితం. ఆ తర్వాత ఏడాదికి ప్రైమరీ పిల్లవాడికి 120 యెన్‌లు, యూనివర్సిటీ విద్యార్థికి 720. ఇంత శుభ్రమైన ఏర్పాటు చాలా దేశాల్లో లేదు.

మా ఆవిడ బడిలో పిల్లలకి బొమ్మల పుస్తకాలు చదివి వినిపించే అమ్మల బృందంలో ఉంది. డబ్బు తీసుకోకుండా ఎదురుగా కూర్చుని చదివితే 38వ అధికరణం కాపాడుతుంది. బడులు మూసేశాక జూమ్‌లో చదువుదామనుకున్నారు. ఆన్‌లైన్‌ పంపితే అది 38వ అధికరణం దాటిపోతుంది. క్లాసులో టీచర్ చదివితే 35 వర్తిస్తుంది, అమ్మలు సాయంత్రం ఇళ్ళ నుంచి చదివితే వర్తించదు. కొందరు ప్రచురణకర్తలు పెద్ద మనసుతో తాత్కాలికంగా వీలిచ్చారు, ఒక్కొక్కరిదీ ఒక్కో షరతు. ఆ అమ్మలు కథల కన్నా ఎక్కువసేపు షరతులు చదివారు. వాళ్ళలో ఒకావిడ, "పుస్తకం కొన్నాం, పిల్లలు మనవాళ్ళే, గొంతు మనదే. మనం ఎవరిది ఎత్తుకెళ్తున్నామండీ?" అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

చూసీచూడనట్టు

ఇక్కడ నాకు ఎదురయ్యే గట్టి వాదన లాయర్ల నుంచి కాదు, అభిమానుల నుంచి వచ్చింది. మా పాత టీంలో ఒకాయన ఏడాదికి రెండుసార్లు సెలవు పెట్టేవాడు, కామికెట్ కోసం. టోక్యో బిగ్ సైట్‌లో జరిగే ఆ సంతలో తనకిష్టమైన మాంగా (జపాన్ కామిక్స్) పాత్రలతో సొంత కథలు గీసి అచ్చేయించిన పల్చటి పుస్తకాలు, డోజిన్షి అంటారు, బల్ల మీద పరిచి అమ్ముతాడు. 1975 నుంచీ నడుస్తున్న వ్యవహారం. పేరున్న మాంగా కళాకారులు చాలామంది అక్కడే చేయి తిప్పుకున్నారు. చట్టం ప్రకారం చూస్తే ఆ బల్లల మీద ఉన్నవాటిలో చాలా భాగానికి లిస్టులో చోటు లేదు.

జపాన్‌లో పేరడీకి మినహాయింపు లేదు. మంచు కొండ మీద స్కీ చేస్తున్నవాళ్ళ ఫొటోని తీసుకుని, వాళ్ళ వెనక జాడలు టైరు గుర్తుల్లా కనిపించేలా కొండమీద పెద్ద కారు టైరు అతికించాడు మ్యాడ్ అమానో అనే కళాకారుడు. కార్ల కాలుష్యం మీద వ్యంగ్యం. ఫొటోగ్రాఫర్ షిరకవా యోషికజు కోర్టుకెళ్ళాడు. ఉల్లేఖన అంటే ఎత్తుకున్నది విడిగా కనపడాలి, నీది ప్రధానం, ఎత్తుకున్నది అనుబంధం కావాలని 1980లో సుప్రీంకోర్టు అమానోకి వ్యతిరేకంగా చెప్పింది. కేసు కింది కోర్టుకీ పై కోర్టుకీ తిరిగి తిరిగి 1987లో రాజీతో ముగిసింది. 2013లో సాంస్కృతిక మండలి కింద ఒక బృందం పేరడీ సంగతి మళ్ళీ చూసి, ఇప్పుడు చట్టం అక్కర్లేదని తేల్చింది. ఎందుకంటే చూసీచూడనట్టు వదిలేసే పద్ధతి బాగానే నడుస్తోందట.

నేను దీన్ని ఆ డోజిన్షి గీసే ఆయన దగ్గర ఆవేశంగా వాదించాను. మీ బల్లకి చట్టంలో హక్కు ఉండాలి కదా అన్నాను. ఆయన నవ్వి, "దయచేసి మా గురించి ఎవరికీ రాయకండి. చట్టంలో రాస్తే ఎంతవరకు అన్న గీత గీయాలి. గీత గీస్తే అటువైపు పడ్డవాళ్ళని కంపెనీ పట్టుకోక తప్పదు. ఇప్పుడు వాళ్ళు చూడట్లేదు, మేం చూపించట్లేదు" అన్నాడు. ఆలోచిస్తే ఆయన మాటలో పస ఉంది. టీపీపీ వల్ల ఫిర్యాదు లేకుండానే పోలీసులు కేసు పెట్టే వీలు వచ్చినప్పుడు కూడా, డబ్బుకి అమ్మే రచనని ఉన్నదున్నట్టు కాపీ కొట్టేవాళ్ళకే అది వర్తించేలా చూసుకున్నారు. డోజిన్షి గీసేవాళ్ళని తగలకుండా పక్కనుంచి పోయింది చట్టం.

2019 సంగతి ఇంకా విచిత్రం. పైరసీ సైటు మాంగామురా దెబ్బకి ప్రచురణ సంస్థలు విలవిల్లాడాయి. అక్రమంగా పెట్టినదాన్ని దింపుకోవడం నేరమన్న నియమాన్ని సంగీతం, వీడియోల నుంచి అన్ని రచనలకీ విస్తరించాలని ప్రభుత్వం బిల్లు సిద్ధం చేసింది. స్క్రీన్‌షాట్లు కూడా దొరికిపోతాయని తేలింది. గట్టిగా అడ్డుపడినవాళ్ళలో మాంగా కళాకారులే ఉన్నారు. ఎవరిని కాపాడటానికి బిల్లు తెచ్చారో వాళ్ళే వద్దన్నారు, ఎందుకంటే గీయడం నేర్చుకునేది బొమ్మలు దాచుకునే. బిల్లు ఆగింది. 2020లో మళ్ళీ వచ్చినప్పుడు చిన్న భాగాలనీ అభిమానుల రచనలనీ వదిలిపెట్టారు. 2021 జనవరి 1 నుంచి అమలవుతోంది.

అంటే గట్టిగా అడిగితే మనుషుల కోసం కూడా రాస్తారన్నమాట. కానీ గమనించండి, రాసింది ఆ నిషేధానికి మినహాయింపుగా మాత్రమే. ఇది చేసుకో, నీ ఇష్టం అన్నట్టుగా కాదు.

ఫెయిర్ యూజ్ తెస్తే చాలదా?

చాలదనే నా అనుమానం. 2017 నివేదికలో సాంస్కృతిక మండలి ఒక నిజం చెప్పింది: ఇక్కడి కంపెనీలకి చట్టం తప్పకుండా నడవడం మీదే ధ్యాస, కోర్టుకెళ్ళి హద్దులు తేల్చుకునే ఓపిక లేదు. నేను రోజూ చూసేది కూడా అదే. మసకగా ఉన్న ప్రతిదానికీ మా లీగల్ వాళ్ళ జవాబు ఒకటే, వద్దు. పుస్తకాల్ని స్కాన్ చేసినందుకు గూగుల్ మీద వేసిన గూగుల్ బుక్స్ కేసు అమెరికాలో 2005లో మొదలై పదేళ్ళకి పైగా సాగింది. అంతకాలం ఖర్చు పెట్టుకోగలిగేది గూగులే గానీ అమ్మల బృందం కాదు. అందుకే 'న్యాయంగా ఉంటే చాలు' అన్న ఒక్క వాక్యం రాసి వదిలేస్తే దాన్ని వాడుకునేది కూడా పెద్దవాళ్ళే అవుతారేమో.

మన దేశంలో కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కూడా ఇలాంటి మినహాయింపుల లిస్టే. అయినా ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు, చదువు చెప్పే అవసరానికి ఎంత కావాలో అంత కాపీ చేసుకోవచ్చంది, పేజీల లెక్క పెట్టలేదు. యూనివర్సిటీ గేటు ఎదురుగా స్పైరల్ బైండింగ్ నోట్సుతో చదువుకున్న నాలాంటి వాళ్ళకి ఆ తీర్పు సొంత మనుషులు చెప్పినట్టు అనిపించింది. లిస్టు ఉన్నా దాన్ని ఉద్దేశం చూసి చదవొచ్చన్నమాట. జపాన్ కోర్టులకి ఆ అలవాటు తక్కువ కాబట్టి ఇక్కడ పార్లమెంటే రాయాలి.

యంత్రాల స్వర్గానికి కూడా ఇప్పుడు కంచెలు కడుతున్నారు. 2024 మార్చిలో ఏఐ మీద సాంస్కృతిక మండలి ఉపసంఘం తన అవగాహన ప్రకటించడానికి ముందు జనం నుంచి సుమారు 25,000 అభిప్రాయాలు వచ్చాయి. విశ్లేషణ కోసమే అమ్మే డేటాబేసుల్ని ఎత్తుకుంటే 30-4 కాపాడదని అందులో స్పష్టం చేశారు. ఫలానా కళాకారుడి బొమ్మల్లోని భావ వ్యక్తీకరణనే మళ్ళీ రప్పించాలని ట్రైన్ చేస్తే అది ఆస్వాదన కిందికే వస్తుందన్నారు. 2025 ఆగస్టులో యోమియురి, నిక్కేయ్, అసాహి పత్రికలు పర్‌ప్లెక్సిటీ అనే అమెరికన్ ఏఐ సెర్చ్ కంపెనీ మీద కేసులు వేశాయి. ఇదంతా చూస్తే నాకు భయమేస్తోంది, ఏఐ మీద కోపంతో 30-4లోని సూత్రాన్నే పీకేస్తారేమోనని. దాన్ని పీకితే మనిషి వాటా ఒక్క పిసరు కూడా పెరగదు.

నేను అడిగేది చిన్నది. 2011 నాటి ఏ రకాన్నీ, బీ రకాన్నీ బయటికి తీసి 30-4 తరహాలోనే రాయండి: వాడకం కొద్దిపాటిదై, దానివల్ల రచన అమ్మకానికి దెబ్బ తగలకపోతే, ఏ పద్ధతిలోనైనా సరే, నష్టం షరతుకి లోబడి, చేసుకోవచ్చని. దాని కింద సాంస్కృతిక శాఖ బడికీ, లైబ్రరీకీ, ఆఫీసుకీ ఉదాహరణలతో మార్గదర్శకం ఇవ్వాలి, లేకపోతే మా లీగల్ వాళ్ళు కదలరు. జూమ్‌లో చదివే అమ్మలూ, గోల్డ్‌ఫిష్ పుస్తకం రెండో సగమూ, టీం చాట్‌లో ఒక్క వార్త ఫొటో అందులోకి వస్తాయి. పత్రికలు ఒప్పుకోవు, క్లిప్పింగ్ లైసెన్సు వాళ్ళకి ఆదాయం. అందుకని రోజూ స్కాన్ చేసి పంచే కంపెనీలకి లైసెన్సు అలాగే ఉంచి, ఎప్పుడో ఒకసారి ఒక వార్త చూపించినవాళ్ళని వదిలేయమంటాను. ఈసారి జనాభిప్రాయం అడిగినప్పుడు ఇదే రాసి పంపుతాను, జపనీస్ మావాడితో దిద్దించుకుని. డోజిన్షి ఊసు మాత్రం అందులో ఎత్తను. వాళ్ళే వద్దన్నారు కదా.